విరిగిన రాతికి అక్క రాసిన కారణం

మా అక్క చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఆ చేతిరాతతోనే ఒక మనిషిని చావగొట్టించింది.

సముద్రం అడుగున డ్రిల్లింగ్ చేసి, గొట్టంలో పైకి తీసిన రాతి కడ్డీని కోర్ అంటారు. ముంజేయంత లావుంటుంది. నిలువునా కోసి పెట్టెల్లో పేర్చిన ఆ కోర్‌ని పొర పొరగా చదివి రాయడం అక్క పని. చేరి ఏడాది కూడా కాలేదు. ఒక కోర్‌లో రెండు మీటర్ల మేర రాయి నుజ్జునుజ్జుగా ఉంది. పైనా కిందా పొరలు మాత్రం గీత గీసినట్టున్నాయి. "తీసేటప్పుడు విరిచారు" అని రాసి సంతకం పెట్టింది.

ఆ కాగితం పట్టుకుని ఫోర్‌మన్, ఆ కోర్ తీసిన డ్రిల్లర్ మీద పడ్డాడు. పైపు రెంచితో వీపు మీద, తల మీద బాదాడు. అడ్డం వెళ్లినవాడి మణికట్టు విరిగింది. మూడో రోజున పనిలోంచి తీసేసింది డ్రిల్లర్నే.

అక్కకి అన్నం సయించలేదు. "వాడు నిజంగానే విరిచాడు కదరా?" అని నన్ను పదిసార్లు అడిగింది. పుస్తకాల పురుగుని, నాకేం తెలుసు.

చివరికి తనకి పాఠం చెప్పిన మాస్టారి దగ్గరికి వెళ్లింది. అందరూ ఆయన్ని పిడుగు అనేవారు. తప్పు చెప్తే సుత్తి పిడితో వేళ్ల మీద వాయించేవాడు. బెత్తెడు ముక్క చూసి కొండంత సంగతి తేల్చేశావా అని అక్కని దులిపేసి, మర్నాడే మా ఇద్దర్నీ ఒక కొండచరియ దగ్గరికి లాక్కెళ్లాడు. ఒకప్పుడు అది లోతు సముద్రపు అడుగట. టేపు పట్టుకోవడం నా వంతు.

అదే నుజ్జు అక్కడా ఉంది, నాలుగు వందల అడుగుల పొడవున. ఎప్పుడో సముద్రం అడుగున ఏటవాలు నేల తెగి జారినప్పుడు, ఇంకా గట్టిపడని మట్టి పొరలు చిరిగి, మెలితిరిగి, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వచ్చి పడ్డాయి. ఇంటంత దిమ్మె ఒకటి ఇసుకలో తలకిందులుగా కూరుకుపోయింది. దాని మీద తర్వాతి పొర ఏమీ ఎరగనట్టు చదునుగా పరుచుకుంది.

"చెప్పవే, ఇక్కడికి ఏ డ్రిల్లర్ వచ్చాడు?" అన్నాడు మాస్టారు.

అక్క మట్టిముక్కల మధ్య గోరుతో గీకింది. ప్రతి సందులోనూ ఇసుకే, రాయిలా గట్టిపడి. గొట్టం విరిచి ఉంటే పగులు ఖాళీగా ఉండాలి. తన కోర్‌లోనూ ఇలాగే ఇసుక ఉందని, చూసి కూడా రాయలేదని అప్పుడు చెప్పింది.

దిగుతుంటే పైనుంచి రాళ్లు జారి మాస్టారి భుజం విరిగింది. మోసుకొస్తున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు. అక్క చెవికి ఒక్క తిట్టూ ఎక్కలేదు.

మర్నాడు మేనేజర్ గదిలోకి కోర్ పెట్టె తెప్పించి, తప్పు తనదని చెప్పింది. అక్కడే ఉన్న ఫోర్‌మన్ గాజుగ్లాసు గోడకేసి కొట్టాడు. పెంకు గుచ్చుకుని అక్క చెంప మీద నెత్తురు కారుతున్నా, ఇసుక ఎక్కడెక్కడుందో చూపించడం ఆపలేదట. డ్రిల్లర్ని మళ్లీ తీసుకుంటున్నట్టు కాగితం రాయించే దాకా కదల్లేదు. దాంతో ఆమె ఉద్యోగం పర్మినెంట్ కావడం రెండేళ్లు వెనక్కిపోయింది.

ఆ కాగితం పట్టుకుని డ్రిల్లర్ గదికి వెళ్లాం. అక్కని చూడగానే చెయ్యెత్తాడు. నేను అడ్డం వెళ్లేలోపే ఆ పిడికిలి తలుపుకి గుద్దుకుంది. అక్క వెనక్కి జరగలేదు. కోర్ గురించి, కొండచరియ గురించి, తన తప్పు గురించి తలొంచుకుని గబగబా చెప్పేసింది.

అతను ముఖం పక్కకి తిప్పాడు.

"ఇటువైపొచ్చి చెప్పమ్మా," అన్నాడు. "ఆ చెవి పోయింది."

అక్క అటుపక్కకి వెళ్లి, మొదట్నుంచీ మళ్లీ చెప్పింది.