శుక్రవారం పేజీ

మా చెల్లి మా అమ్మ మీద బొమ్మల పుస్తకం గీసింది. పిల్లల కథల పుస్తకం కాదండీ. జరిగింది జరిగినట్టు, పేజీ నిండా గళ్ళు, గడికో బొమ్మ, పక్కన రెండు మాటలు. మా సిలబస్‌లో దాన్ని గ్రాఫిక్ మెమొయిర్ అంటారు. నేను తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను. ఉండేది ఏలూరులో, రోజూ పాసింజర్లో వెళ్ళొస్తాను. చెల్లి ఇంటరు తప్పి, కైకలూరులో ఫ్లెక్సీలు కొట్టే షాపులో డిజైన్లు చేస్తుంది. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, శ్రద్ధాంజలులు. అమ్మ పోయినప్పుడు అమ్మ ఫ్లెక్సీ కూడా అదే చేసింది, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు.

అమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డులో పని చేసేది. నాన్న చిన్నప్పుడే పోయాడు. ఐసు నీళ్ళలో చేతులు నానబెట్టుకుంటూనే మా ఇద్దర్నీ పెంచింది. వేళ్ళ చివర గీతలన్నీ అరిగిపోయి రేషను షాపులో వేలిముద్ర పడేది కాదు. మిషను మీద వేలు పెట్టడం, తుడుచుకోవడం, మళ్ళీ పెట్టడం. చెల్లి పుస్తకం మొదటి పేజీ అదే. పేజీ అంతా ఒక బొటనవేలు, దాని మీద ఒక్క గీత కూడా లేదు.

"చదివి ఎలా ఉందో చెప్పక్కా, ఇవన్నీ నువ్వు పిల్లలకి చెప్తావుగా" అని ఒక కాపీ నా చేతిలో పెట్టింది. వాళ్ళ షాపులోనే ప్రింటు తీసి, తనే కుట్టుకుంది. నేను చదివాను. బాగుందే అని ఫోన్లో చెప్పాను. అంతకన్నా ఏం చెప్పను? బాగుంది అనే మాట నోట్లోంచి బయటికి రావడానికే నాకు నాలుగు రోజులు పట్టింది.

ఎందుకో చెప్తాను. అమ్మకి రొయ్య ముల్లు గుచ్చుకుంది. రొయ్య తల మీద రంపంలా ఉంటుందే, అది. ఆ షెడ్డులో అందరికీ గుచ్చుకునేదే. కానీ గేటు దగ్గర రోజూ చేతులు చూస్తారు. కోత కనిపిస్తే లోపలికి రానివ్వరు. అందుకని అమ్మ పసుపద్దుకుని, పైన గ్లౌజు తొడుక్కుని, బుధవారం, గురువారం ఆ చెయ్యి అలాగే ఐసులో పెట్టి ఒలిచింది. శుక్రవారం పనికి వెళ్తున్నానని చెల్లికి చెప్పి బయల్దేరింది. షెడ్డుకి వెళ్ళలేదు. సాయంత్రం ఇంటికొచ్చి పడుకుంది. శనివారం పొద్దుటికి ఒళ్ళు కాలిపోతోంది, పిలిస్తే పలకడం లేదు. చెల్లి ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకొచ్చింది, నేనూ పరిగెత్తాను. చెయ్యి తీసేయాలన్నారు. ఆదివారం చెయ్యీ ఉంది, అమ్మే లేదు.

ఆ శుక్రవారం అమ్మ ఎక్కడికెళ్ళిందో చెల్లికి తెలియదు. అమ్మ సంచీలో కైకలూరు నించి ఏలూరుకి కొట్టిన బస్సు టికెట్ ఒకటి దొరికింది. దాన్ని పట్టుకుని పిచ్చిదానిలా ఏలూరంతా తిరిగింది పాపం. ప్రతి ఆసుపత్రి కౌంటరు దగ్గరా ఫోన్లో అమ్మ ఫొటో చూపించి, ఈవిడ శుక్రవారం వచ్చిందా అండీ, చూడకుండా పంపేశారా అండీ అని అడిగింది. పక్కనే ఉండి గ్లౌజు విప్పి చూడలేదని తనని తనే తిట్టుకుంది. నన్ను కూడా అడిగింది. నేను తెలీదన్నాను.

నాకు తెలుసు.

ఇక మా క్లాసు సంగతి. ఫైనలియర్‌కి గ్రాఫిక్ మెమొయిర్ అని ఒక యూనిట్ ఉంది. పాఠ్యపుస్తకంలో ఇచ్చినది ఎక్కడో విదేశీ గొడవ, మా పిల్లలకి ఒక్క ముక్క ఎక్కలేదు. ఏం చెయ్యాలో తోచక చెల్లి పుస్తకం అట్ట తీసేసి, జిరాక్సులు తీయించి పంచాను. ఎవరిదో అనామకురాలిదని చెప్పాను. ఎందుకంత పని చేశానంటే, నిజం చెప్పనా? నా బాధని బోర్డు మీద ఒకటీ రెండూ మూడూ అని పాయింట్లుగా రాసేస్తే కాస్త తేలికపడుతుందనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని అదే కదా, ఎవరెవరి ఏడుపులో పాయింట్లుగా రాయించడం.

బ్రహ్మాండంగా చెప్పాను లెండి. అమ్మ ముఖం ఎప్పుడూ చిన్నదిగా, గడిలో ఓ మూలకి ఉంటుంది, చేతులు మాత్రం గడి దాటి బయటికి వచ్చేస్తాయి, ఎందుకు? ఆవిడని లోకం చూసింది చేతులుగానే కాబట్టి. అందరి మాటలూ బుడగల్లో ఉంటాయి, అమ్మ మాటలకి బుడగ లేదు, చెరువు గట్టు వెంబడో గిన్నె అంచునో సన్నగా రాసుంటాయి, ఎందుకు? ఆవిడ మాట్లాడినా ఎవరూ విన్నట్టు లేరు కాబట్టి. పుస్తకమంతా నల్ల బాల్‌పెన్నే, ఒక్క పసుపు తప్ప. మొదట వేలి మీద చుక్క. తర్వాత పేజీలో వేలంతా. ఆ తర్వాత అరచెయ్యి, మణికట్టు. జిరాక్సులో రంగు రాదని నేనే పసుపు స్కెచ్ పెన్నుతో అన్ని కాపీల్లోనూ దిద్దాను. అమ్మ చేతిని అన్నిసార్లు దిద్దాను, ఒక్కచోట కూడా పసుపు గీత దాటలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

రెండు గళ్ళ మధ్య తెల్ల సందు ఉంటుంది చూడండి, అది ఊరికే వదిలిన చోటు కాదు అని చెప్పాను. అక్కడ ఏం జరిగిందో గీసినవాళ్ళు చెప్పరు, చదివేవాళ్ళే పూరించుకోవాలి. అలా చెప్తూ గురువారం పేజీ తిప్పాను. దాని తర్వాత, రోజుల వరస తప్పి, అమ్మ పోయాక చెల్లి ఊరంతా అడుగుతూ తిరిగిన పేజీ ముందుకు వచ్చి కూర్చుంటుంది. ఆ తర్వాత పైన శుక్రవారం అని ఒక్క మాట. కింద ఏమీ లేదు. గీత లేదు, గడి లేదు, పేజీ అంతా తెలుపు.

"ఇది ఐసు" అన్నాను. "షెడ్డులో ఐసు. జ్ఞాపకం గడ్డకట్టుకుపోవడం. చావుకి సంకేతం కూడా. రాసుకోండి."

రాసుకున్నారు. ఐసంట, నా మొహం!

రెండో బెంచీలో ఒకమ్మాయి లేచింది. ఏలూరు పిల్లే, నాతోపాటే రైల్లో వస్తుంది. వాళ్ళ నానమ్మ తివాచీలు నేసేదట. క్లాసులో పెద్దగా నోరు విప్పదు.

"ఐసు కాదేమోనండి మేడమ్."

"మరి?"

"ముందు పేజీ ఒకసారి చూడండి."

చూశాం. ఎనిమిది గళ్ళు. చెల్లెలు ఒక్కొక్కరినీ అడుగుతోంది, అమ్మని చూశారా అని. బస్సు కండక్టరు, ఆసుపత్రి కౌంటరులో అమ్మాయి, షెడ్డు సూపర్‌వైజరు, టీ కొట్టావిడ. అందరూ మనకేసి చూస్తూ తల అడ్డంగా ఊపుతున్నారు. ఎనిమిదో గడిలో అక్క. వీపు మాత్రమే ఉంది. సింకు దగ్గర గిన్నెలు తోముతోంది. బుడగలో "తెలీదే" అని ఉంది.

"అందరి మొహాలూ గీశారండి, ఈవిడదే గీయలేదు. తివాచీ ఎక్కడ తప్పిందో చూడాలంటే మా నానమ్మ వెనక్కి తిప్పేదండి. ఇక్కడ ఈవిడ ఒక్కతే వెనక్కి తిరిగుంది. ఆ వెంటనే తెల్ల పేజీ. గీసినావిడకి తెలీక వదిలేసిన పేజీ అండి అది. ఈ అక్కకి తెలుసునండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "గీసినవాళ్ళు చెప్పనిది మనం ఊహించకూడదు, కూర్చో" అని అరిచాను.

"పూరించుకోమని ఇందాక మీరే అన్నారు కదండి" అంది, పొగరుగా కాదు, నిజంగానే అర్థంకాక. కూర్చుంది. క్లాసంతా నన్నే చూస్తోంది. బెల్లు కొట్టడానికి ఇంకా టైముంది, అయినా సరే పుస్తకాలు సర్దుకుని వచ్చేశాను.

స్టాఫు రూములో ఆ ఎనిమిదో గడి మళ్ళీ చూశాను. నేను దాన్ని టెక్నిక్ అనుకున్నాను. కాదు. ఆ రోజు చెల్లి అడిగినప్పుడు నేను నిజంగానే సింకు దగ్గర ఉన్నాను, నిజంగానే వెనక్కి తిరగలేదు. అది చూసింది చూసినట్టు గీసింది. అంతే. పుస్తకం చివర్న అది తనని తాను వేలెడంత గీసుకుని, కింద "నన్ను అడిగుంటే తీసుకెళ్ళేదాన్ని కదమ్మా" అని రాసుకుంది. ఆ ముక్క దగ్గర ఇక నా వల్ల కాలేదు. దానిది కాని తప్పు అది మోస్తోంది, నేనేమో దానికి సంకేతాలు చెప్తున్నాను.

శుక్రవారం అమ్మ నా దగ్గరికి వచ్చింది. ఏలూరులో బస్సు దిగి, రైలెక్కి తాడేపల్లిగూడెం వచ్చింది. ఆ రైలు టికెట్ ఎక్కడ పడిపోయిందో మరి. ఆ రోజు మా కాలేజీకి ఇన్‌స్పెక్షన్. పదకొండున్నరకి మా డిపార్ట్‌మెంటుకి వస్తామన్నారు. వాచ్‌మన్ వచ్చి, మీ అమ్మగారట మేడమ్, గేటు దగ్గర ఉన్నారు అన్నాడు. ఫైళ్ళు వదిలేసి విసుక్కుంటూ వెళ్ళాను. కుడిచేతికి తువాలు చుట్టుకుని ఉంది.

"కొంచెం నాతో ఏలూరు ఆసుపత్రికి వస్తావేంటమ్మా? చదువుకున్న పిల్ల పక్కనుంటే డాక్టరుగారు సరిగ్గా మాట్లాడతారు."

"ఇవాళా? ఇన్‌స్పెక్షనమ్మా ఇవాళ. ముందు ఫోన్ చెయ్యొచ్చు కదా."

"విప్పి చూపించనా?"

"ఇక్కడ వద్దమ్మా, అందరూ చూస్తారు. ఆదివారం నేనే వస్తాను, వెళ్దాం."

బ్యాగులో జ్వరం మాత్రలుంటే ఇచ్చాను. ఆటో పిలిచి స్టేషనుకి ఎక్కించాను. "సరేలే, నీ పని చూసుకో" అంది. ఇంటికెళ్ళి చెల్లికి ఒక్క మాట చెప్పలేదు. నన్ను కాపాడిందో, తనకే చిన్నతనం అనుకుందో, ఆ మనిషితోనే పోయింది ఆ సంగతి. ఆదివారం ఆసుపత్రికి వెళ్దామన్నాను కదా, వెళ్ళాను. మార్చురీ దగ్గరికి.

ఆ క్లాసు జరిగిన మర్నాడు సెలవు పెట్టి కైకలూరు బస్సెక్కాను. దారంతా రెండువైపులా చేపల చెరువులు, చప్పుడు చేస్తూ నీళ్ళు చిలికే ఏరేటర్లు. చెప్పాల్సిన మాటలు ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి కూర్చుకున్నాను. పాఠం తయారు చేసుకున్నట్టే! ఛీ.

చెల్లి షాపులో కంప్యూటరు ముందు ఉంది. ఎవరిదో శ్రద్ధాంజలి. పెద్దాయన ఫొటో చుట్టూ పూలదండ పెడుతోంది. నన్ను చూసి స్టూలు లాగింది. "ఏంటక్కా, కాలేజీ లేదా?"

"శుక్రవారం అమ్మ నా దగ్గరికి వచ్చిందే" అన్నాను. కూర్చుకున్న మాటలన్నీ పోయి అదొక్కటే వచ్చింది. తర్వాత మిగతాది కూడా చెప్పాను. గేటు, తువాలు, మాత్రలు, ఆటో. నువ్వడిగితే తెలీదన్నాను అని కూడా.

అది ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. చెంప మీద ఒక్కటి కొట్టినా బాగుండేది. మౌసు మీద చెయ్యి మాత్రం ఆగింది. పూలదండ తెర మీద వంకరగా ఉండిపోయింది. లేచి, బీరువాలోంచి తన పుస్తకం తీసింది, పెన్సిలు చెక్కింది. తెల్ల పేజీ తెరిచి, స్కేలు పెట్టి నాలుగు గీతలు గీసింది. ఒక్క గడి.

"ఏ చీర కట్టుకుందక్కా?"

ఆలోచించాను. "గుర్తులేదే."

"ముడేసుకుందా? జడా?"

"చూళ్ళేదు."

"తువాలు ఏ రంగు? తెల్లదా, గళ్ళదా? రక్తం ఏమన్నా ఉందా?"

"కుడిచెయ్యి... రంగు తెలీదు."

"కాళ్ళకి చెప్పులున్నాయా? అంత దూరం ఎలా వచ్చింది? మొహం ఎలా ఉంది, ఏడ్చినట్టుందా? ఆటో ఎక్కాక వెనక్కి తిరిగి చూసిందా?"

అమ్మ నా ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నించుంది. నేను బొమ్మకి ఒక్క గీత కూడా ఇవ్వలేకపోయాను.

పెన్సిలు కాగితం మీద ఆనించి పెట్టుకుని చెల్లి మొదటిసారి నా మొహంలోకి చూసింది. "మరి నువ్వేం చూశావక్కా?"

"వాచీ చూసుకున్నాను" అన్నాను.

అది తల వంచుకుంది. గడి మధ్యలో ఒక మణికట్టు గీసింది, నాది. దాని మీద గుండ్రంగా వాచీ గీసి, ముళ్ళ దగ్గర ఆగింది.

"టైమెంత?"

"పదకొండుం పావు" అని చెప్పాను.