ఆదర్శ రాజ్యానికి శుద్ధప్రతి

నా చిన్నప్పుడు, తొంభైల చివర్లో, మా ఇంట్లో ఒక రాజ్యం ఉండేది. అందులో రాజు లేడు, బంటు లేడు, ఆకలి లేదు, ఒకరి చెమట మీద ఇంకొకరు బతకడం లేదు. మొత్తం రాజ్యం నాలుగు నోటుపుస్తకాల్లో సరిపోయింది. మా తాతయ్య వసారాలో పడక్కుర్చీ వాల్చుకుని దాన్ని ఏలుతుండేవాడు. ఇప్పుడు మా ఇంటి పిల్లలు ఆయన ఫొటోకి దండ మారుస్తూ, "ముత్తాత సంఘసంస్కర్తంట కదా పెద్దమ్మా, ఆయన సంగతులు చెప్పవా" అని అడుగుతుంటే నాకు నోరంతా చేదవుతుంది. చెప్పాల్సిన సంగతి ఒకటుంది. తలుచుకుంటే రోత పుట్టే సంగతి. అయినా చెబుతాను.

చిలకలూరిపేట దాటి అద్దంకి వైపు వెళ్ళే దారిలో మా ఊరు. మిరప, పత్తి, కాస్త పొగాకు. తాతయ్య బడిపంతులుగా రిటైరయ్యాక, మనుషులంతా కలిసి బతికే ఊరు ఎలా ఉండాలి, దాని పాలన ఎలా సాగాలి అని వ్యాసాలు రాయడం మొదలుపెట్టాడు. చిన్న చిన్న పత్రికల్లో అచ్చయ్యేవి. గుంటూరు నుంచి ఖద్దరు చొక్కాల వాళ్ళు వచ్చి, "మాష్టారూ, మీరు ఉండాల్సిన చోటు ఇది కాదండీ" అనేవాళ్ళు. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపేవాడు. నాయనమ్మ పక్కన నిలబడి గ్లాసు చేతికందించేదాకా మంచినీళ్ళు కూడా తాగడం చేతకాని మనిషి, ఊరందరి దప్పికా తీర్చే పద్ధతి రాస్తూ ఉండేవాడు.

అప్పుడు నాకు పదేళ్ళు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని శుద్ధప్రతి రాయించేవాడు. పుస్తకం అచ్చయినప్పుడు మొదటి పేజీలో నా పేరు వేయిస్తానన్నాడు. ఆ ఒక్క మాటకి నేను ఆటలు మానేశాను. సగం మాటలకి అర్థం తెలియకపోయినా కొన్ని వాక్యాలు నోటికి వచ్చేశాయి. పనిలో ఎక్కువ తక్కువలు లేవు, పాలనలో అందరికీ వంతు ఉంది అని ఎక్కడపడితే అక్కడ వల్లెవేసేదాన్ని.

ఆ ఏడు మిరప బాగా కాసింది. కోసిన కాయంతా పొలం పక్క కళ్ళంలో ఆరబోశారు. అందులోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరి వేరుచేయడానికి కాలనీ నుంచి పదిమంది ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. అదిగో, అప్పుడు పుట్టింది తాతయ్యకి ఆలోచన. తన ఆదర్శ పాలనని కళ్ళంలో పెట్టి చూడాలట. రోజూ పొద్దున్నే చీటీలు వేయాలి. ఎవరి పేరొస్తే వాళ్ళు ఆ రోజుకి కళ్ళానికి పెద్ద. ఎవరు ఏం చేయాలో, ఎప్పుడు లేవాలో అంతా ఆ పెద్ద చెప్పినట్టే. తాతయ్య కూడా వినాల్సిందే. పుస్తకానికి ఇంకో అధ్యాయం కావాలి కదా మరి!

చీటీలు రాసే పని నాది, పేర్లు చెప్పేది తాతయ్య. మా బాబాయి, మేస్త్రి, ట్రాక్టరు తోలే ఆయన, పక్క పొలం రైతు, ఆ రైతు తమ్ముడు. అంతే. ఎండలో కూర్చుని ఏరేది ఆడవాళ్ళు, చీటీల్లో ఒక్క ఆడమనిషి పేరు లేదు. నాలుగు రోజులు నలుగురు పెద్దలయ్యారు. నలుగురూ మంచమెక్కి కూర్చుని బీడీలు కాల్చారు. పాలన సాఫీగా సాగుతున్నదని తాతయ్య రాశాడు. నేను శుద్ధప్రతి చేశాను.

ఐదో రోజు పొద్దున నాయనమ్మ నాకు జడ వేస్తూ, ఏమీ తెలియనట్టు అడిగింది. "ఏమే, మీ తాత పుస్తకంలో అందరికీ వంతు అని ఉందా, మగాళ్ళకే అని ఉందా?"

"అందరికీ అనే ఉంది నాయనమ్మా."

"అయితే ఆ పసిబిడ్డ తల్లి పేరు కూడా ఒక చీటీ మీద రాసెయ్. తప్పేం ఉంది?"

ఆ పసిబిడ్డ తల్లిని నేను కాలనీ అక్క అనేదాన్ని. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. మూడు నెలల పిల్లాడు. కళ్ళం పక్క పాకలో చీర ఉయ్యాల కట్టి వాణ్ణి పడుకోబెట్టి పనిలో కూర్చునేది. మధ్యాహ్నం భోజనాల వేళ దాకా ఎవరూ లేవకూడదని మేస్త్రి రూలు. లేచినా ఏం లాభం? చేతుల నిండా కారమాయె. నీళ్ళతో కడుక్కుంటే పోయే కారం కాదది. పిల్లాడు ఏడ్చి ఏడ్చి, గుక్కపట్టి, అలసి నిద్రపోయేవాడు. ఆ ఏడుపు కళ్ళమంతా వినేది. తాతయ్యకి మటుకు, అక్కడే కూర్చున్నా, రాసుకునే ధ్యాసలో వినపడేది కాదు.

ఆ రోజు తాతయ్య తీసిన చీటీలో అక్క పేరే వచ్చింది. ఆయన మొహం ఒక్క క్షణం మాడిపోయింది. అందరూ చూస్తున్నారని గుర్తొచ్చి నవ్వు తెచ్చుకుని, చేతులు జోడించి, "రా అమ్మా, ఈ రోజు నువ్వే మాకు పెద్దవి. ఆజ్ఞ ఇయ్యి" అన్నాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వారు.

"నిజంగానేనాండీ మాష్టారు గారూ?" అంది అక్క.

"నిజంగానే."

అక్క ఉయ్యాల వైపు చూసింది. పొద్దెక్కాక పిల్లతల్లులు ఒకసారి లేచి, మజ్జిగతో చేతులు కడుక్కుని, పిల్లలకి పాలిచ్చుకుని రావాలంది. అప్పటిదాకా మాష్టారు గారు తమతో పాటు ఏరాలని కూడా అంది. మేస్త్రి "ఓసి నీ దుంపతెగ!" అన్నాడు. పంచె సర్దుకుని తాతయ్య కూర్చున్నాడు. కూర్చోక చస్తాడా, రాసింది తనేగా. నాతో పాటు కళ్ళానికి వచ్చిన నాయనమ్మ మజ్జిగ తేవడానికి ఇంటికి పరిగెత్తింది. అంత సంతోషంగా ఆమెని నేనెప్పుడూ చూడలేదు.

పది నిమిషాలు కూడా కాలేదు. చెమట కంట్లోకి జారింది. తాతయ్య అరచేత్తో కళ్ళు రెండూ గట్టిగా తుడుచుకున్నాడు. మా వైపు మూడేళ్ళ పిల్లకి కూడా తెలుసు, మిరప ముట్టిన చెయ్యి మొహం మీదికి పోకూడదని. చెమట పడితే భుజానికి తుడుచుకుంటాం. అరవై ఏళ్ళు మిరప తిని, మిరప అమ్ముకుని బతికిన మనిషికి ఆ సంగతి తెలియదు! ఎందుకు తెలుస్తుంది, ఏనాడైనా ముడితే కదా.

ఒకటే గావుకేక. లేస్తూ లేస్తూ ముందున్న గంపని కాలితో తన్నాడు. అప్పుడే గిన్నెతో వచ్చిన నాయనమ్మ, పిల్లతల్లుల కోసం తెచ్చిన మజ్జిగంతా ఆయన మొహానికీ చేతులకీ పోసింది. మంట కాస్త తగ్గాక ఆయన ఎర్రటి కళ్ళతో నా వైపు తిరిగాడు.

"ఎవరే దీని పేరు రాసింది? నేను చెప్పిన పేర్లలో ఇది లేదు. పొరపాటున రాశావు కదూ?"

నాయనమ్మ నోరు తెరవబోయింది. ఆమెకంటే ముందు నేనే, "అవును తాతయ్యా, పొరపాటున రాశాను" అన్నాను. నాయనమ్మకి తిట్లు తప్పించడానికి అలా అన్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఛీ! అదీ అబద్ధమే. నాకు ఆ క్షణంలో కనిపించింది పుస్తకం మొదటి పేజీ, దాని మీద నా పేరు. అంతే.

"విన్నారుగా. చీటీ చెల్లదు" అన్నాడు తాతయ్య. ఉయ్యాల దగ్గరికి పోవడానికి సగం లేచిన అక్క మళ్ళీ కూర్చుంది. నన్నొక్కసారి చూసి తల దించుకుని ఏరడం మొదలుపెట్టింది. నాయనమ్మ ఆయన్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. చెదిరిన కాయలన్నీ నేనే గంపకెత్తాను. అక్క మొహం చూడలేక అక్కడే వంగి ఉన్నాను.

భోజనాల వేళకి పిల్లాడి గొంతు పోయింది. అక్క చేతులకి ఇసక రుద్దుకుంది, కొంగుతో పదిసార్లు తుడుచుకుంది, భయపడుతూ వాణ్ణి ఎత్తుకుంది. అయినా అంటింది. వాడి బుగ్గ ఎర్రగా కమిలిపోయి, ఊపిరి ఆగిపోతుందేమో అన్నట్టు ఏడ్చాడు. ఆడవాళ్ళంతా అన్నాలు వదిలేసి చుట్టూ చేరారు. మేస్త్రి మటుకు "పిల్లల్ని తీసుకురాబాకండంటే వినరు" అని గొణిగాడు.

నేను ఇంటికి పరిగెత్తి నాయనమ్మతో చెప్పాను. ఆమె ఇంకో గిన్నెలో మజ్జిగ పోసి ఇచ్చింది. తెచ్చేసరికి పిల్లాడు వెక్కుతూ నిద్రపోయాడు. అక్క గిన్నె అందుకుంటూ నా వేళ్ళు చూసింది. కాయలెత్తి ఎత్తి ఎర్రగా వాచిపోయి ఉన్నాయి.

"ముందు నీ చేతులియ్యి పాపా. రాసుకునే చేతులు" అంది. తన చేతులు కడుక్కోకముందే నావి మజ్జిగలో ముంచి, వేలు వేలునా రుద్ది కడిగింది. "కళ్ళ దాకా పోనియ్యబాక" అని మరీ మరీ చెప్పింది. నా చేతులు చల్లబడ్డాయి గానీ నా మీద నాకే అసహ్యం వేసింది. దానికి ఏ మజ్జిగా పనిచేయలేదు.

సాయంత్రం తాతయ్య మామూలుగా పిలిచాడు, శుద్ధప్రతి రాయమని. కొత్త అధ్యాయం తయారుగా ఉంది. ఒక శ్రామిక స్త్రీ పాలకురాలిగా ఎన్నికైందట. ఆమె పక్కన తాను నేలమీద కూర్చుని పనిచేశాడట. ఆ సమానత్వపు క్షణాన తన కళ్ళు ఆనందంతో చెమర్చాయట! కారానికి కారిన కన్నీళ్ళు తెల్లారకముందే ఆనందబాష్పాలయ్యాయి. గంపని తన్నిన సంగతి లేదు, చీటీ చెల్లదన్న సంగతి లేదు, పిల్లాడి ఊసే లేదు. అన్నీ తెలిసి, అక్క కడిగిన ఆ వేళ్ళతోనే, ఒక్క కొట్టివేత లేకుండా గుండ్రంగా రాశాను.

గుంటూరు బ్రాడీపేటలో సభ పెట్టి పుస్తకం విడుదల చేశారు. ఆ అధ్యాయం చదివినప్పుడు ముందు వరసలో ఒకాయన రుమాలుతో కళ్ళొత్తుకున్నాడు. మొదటి పేజీలో నా పేరు ఉంది.

కిందటేడు ఊరెళ్ళినప్పుడు, ఆ ఉయ్యాలలో పిల్లాడు నా దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు సొంత ఆటో నడుపుతున్నాడు. వాళ్ళమ్మ గురించి మా తాతగారి పుస్తకంలో ఉందని ఎవరో చెప్పారట, చదివి వినిపించమన్నాడు. చదివాను. శ్రద్ధగా విని, "అక్కా, మా అమ్మ చెప్పే మజ్జిగ సంగతి ఇందులో లేదేంటి? మాష్టారి మనవరాలు పరిగెత్తుకుంటా పోయి మజ్జిగ తెచ్చిందని ఎప్పుడూ చెబుద్ది" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆమె మనసులో దాచుకున్నది అదొక్కటే. అప్పుడు నేను వాడికి మిగిలిందంతా చెప్పాను, పొరపాటున రాశానన్న అబద్ధంతో సహా.

వాడు బుగ్గ తడుముకున్నాడు. "నువ్వు అబద్ధం చెప్పావని మా అమ్మకి తెలుసా?" అన్నాడు.

"తెలుసురా. నా చేతులు కడిగేటప్పటికే తెలుసు" అన్నాను.

అందుకే ఇదంతా రాశాను. దీనిలో కొట్టివేతలున్నాయి, గీతలు వంకరపోయాయి, ఒకచోట కాగితం తడిసింది. దీనికి శుద్ధప్రతి రాయను.