వల ఒళ్లో పెట్టుకుని

ఏలూరులో మా ముందు గదికి ‘సంపూర్ణ ఆరోగ్య కౌన్సెలింగ్’ అని బోర్డు పెట్టినప్పుడు మావారు, "టీచరుగా ఇన్నేళ్లు మాట్లాడింది చాల్లేదా?" అని నవ్వారు. వినడానికండీ బాబూ, మాట్లాడటానికి కాదు అన్నాను. నిద్ర, తిండి, ఊపిరి, మనసులో బరువు, ఇంట్లో పట్టింపులు, అన్నీ కలిపి చూడటం నా పని. మందులు మాత్రం డాక్టరు గారివే, వాటి జోలికి పోను.

కిందటేడు వానలు తగ్గాక కొల్లేటి ఊరి నుంచి ఒకావిడ భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ల చేపల చెరువు గట్టు వరదకు తెగి, పెంచిన చేపలన్నీ కొల్లేట్లో కలిసిపోయాయి. ఆనాటి నుంచి ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదు. అన్నం పెడితే రెండు ముద్దలు కెలికి లేచిపోతున్నాడు. డాక్టరు గారు మందులిచ్చి, ఇక్కడికీ వెళ్లమన్నారట.

"మనిషి నా కళ్లముందే కరిగిపోతున్నాడండీ. ఎలాగైనా నోరు విప్పించండి," అని ఆవిడ నా చేతులు పట్టుకుంది.

నేర్చుకున్నదంతా ప్రయోగించాను. ఎదురెదురు కుర్చీలు, కళ్లు మూసుకోమనడం, ఊపిరి లెక్కపెట్టించడం, ఫోనులో వేణువు. మూడు వారాలు! ఆయన ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కాదు, నా మీద. వెళ్లిపోతున్న ఆవిడను గుమ్మంలో ఆపి, "మీ ఊళ్లో మగవాళ్లు కష్టం ఎలా చెప్పుకుంటారమ్మా?" అని కసిరినట్టే అడిగాను.

"ఇలా మొహాలు చూసుకుంటా చెప్పుకోరండీ. గట్టు మీద పక్కపక్కన కూర్చుని, వలలు బాగుచేసుకుంటా చెప్పుకుంటారు."

నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఈ ముక్క మొదటి రోజే అడగాల్సింది. మరుసటి వారం చిరిగిన వల తెమ్మన్నాను. కుర్చీలు తీసేసి చాప పరిచాను. ఆయన పక్కన కూర్చుని, వల నా ఒళ్లోకి లాక్కుని, తోచినట్టు ముడులు వేయడం మొదలుపెట్టాను.

"అలా కాదండీ. జారిపోద్ది."

అమ్మయ్య, మాట! గుమ్మంలో క్యారేజీ పక్కన పెట్టుకుని కూర్చున్న ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను తల తిప్పలేదు. "అయితే మీరే చూపించండి" అన్నాను. ఆయన నా ముడులన్నీ విప్పి మళ్లీ వేశాడు. కాసేపటికి, వల మీంచి చూపు ఎత్తకుండానే చెప్పాడు.

"ఆవేళ గట్టు కాపలా నాదండీ. అన్నం వేడిగా ఉందని మా ఆవిడ కబురెట్టింది. తినొచ్చేసరికి గట్టు లేదు. ముద్ద ఎత్తితే అదే గుర్తొస్తోంది."

"పిలిచింది నేనే కదయ్యా!" అని ఆవిడ ఏడ్చేసింది.

"నువ్వు నీ మీదేసుకుంటావనే చెప్పలేదు."

నేను ఆయన్నే అడిగాను: "మీరు అక్కడే ఉంటే గట్టు ఆగేదాండీ?"

ఆయన చేతులు ఆగాయి.

"ఆగేది కాదండీ. నన్నూ లాక్కుపోయేది."

అన్నాక, ఆ మాట తనకే వినపడినట్టు, మొదటిసారి భార్య వైపు తిరిగాడు. "క్యారేజీలో ఏం తెచ్చావు?" అన్నాడు.

చేపల పులుసు. చాప మీదే కూర్చుని గిన్నె ఊడ్చి తిన్నాడు. నా దగ్గర చదివిన పిల్లలు ఎన్ని ర్యాంకులు తెచ్చినా, ఆ ఖాళీ గిన్నెను చూసినంత గర్వం నాకు ఎప్పుడూ కలగలేదు.