గంట మోగితే కూర్చునే మా బావ

మా బావ పార్లమెంటు సభ్యుడు. ఈ మాట చెప్పగానే జనం నన్ను ఎగాదిగా చూస్తారు, ఆ వైభవం నా మొహంలో ఎక్కడా కనబడక. ఎలా కనబడుతుంది? జీతం లేని కార్యదర్శిని నేను. ఉత్తరాలు చదవడం, రైలు టిక్కెట్లు తీయడం, ఆయన మరిచిపోయిన కళ్లజోడు వెనక్కెళ్లి తేవడం నా ఉద్యోగం. అక్క మొగుడు కాబట్టి ఆయన తిడితే పడాలి. బావమరిదిని కాబట్టి నేనూ తిరిగి తిట్టొచ్చు. ఆ ఒక్క సుఖం ఉంది.

ఎంపీ కాకముందు ఆయన ఇరవై రెండేళ్లు బస్సు కండక్టరు. మా ఊరికీ పట్నానికీ మధ్య పద్దెనిమిది పల్లెలు. టిక్కెట్లు కొట్టడం ఆయనకి సగం పనే. ఒకరి మందులు, ఒకరి కుట్టించిన చొక్కాలు, ఇంకొకరి బాగుచేయించిన గడియారం, అన్నీ ఆ తోలుసంచిలోనే పట్నం నుంచి వచ్చేవి. ఒకరి వస్తువు పొరపాటున ఇంకొకరికి ఇచ్చి ఎరగడు. ఎన్నికల్లో నిలబడమని జనమే వెంటపడ్డారు. ఓటు అడగబోతే ఒక ముసలమ్మ, "నువ్వు అడిగేదేంట్రా అబ్బాయ్! నా కళ్లద్దాలు తెచ్చిపెట్టింది నువ్వేగా. పో పో, ఎండలో తిరక్కు" అని తలుపేసుకుంది. గెలిచాడు. అదే తోలుసంచితో పార్లమెంటుకి వెళ్లాడు. ఇప్పుడు అందులో అర్జీలుంటాయి.

అంతా బాగానే ఉంది గానీ, గంట దగ్గరే వచ్చింది చావు.

అక్కడ సభ్యుడికి మూడు నిమిషాలిస్తారు. అవి అయిపోగానే అధ్యక్షుడు బల్లమీది గంట కొడతాడు. దాన్ని ఎవడూ లెక్కచేయడు. గంట మోగాకే అసలు ప్రసంగం మొదలుపెట్టే మహానుభావులున్నారు. మా బావ మాత్రం టంగుమనగానే ఠక్కున కూర్చుంటాడు, మాట సగంలో ఉన్నా సరే. బస్సులో కండక్టరు తాడు లాగి ఒక్కసారి గంట కొడితే ఆపమని, రెండుసార్లు కొడితే పోనిమ్మని లెక్క. ఆ లెక్కమీదే ఇన్నేళ్లు బతికిన మనిషాయె. "అది నేను కూర్చోవడం కాదురా, కాళ్లు వాటంతటవే కూర్చుంటున్నాయి" అంటాడు. పైగా, ఏ ఊరివాళ్లు నొచ్చుకుంటారోనని, లేవగానే పద్దెనిమిది పల్లెల పేర్లూ బస్సు ఆగే వరసలో చదువుతాడు. చివరి పల్లె వచ్చేసరికి గంట. మొదటి సమావేశాల్లోనే మూడుసార్లు ఇదే తంతు. టీవీలో చూసిన మా అక్క ఫోన్ చేసి, "స్టాపులన్నీ చెప్పారు గానీ పనేంటో చెప్పలేదేంటండీ?" అంది.

రైల్వే గేటు గొడవ రాకపోతే ఇదంతా నవ్వులాటగానే పోయేది.

మా ఊరిని రైలుపట్టాలు రెండుగా కోస్తాయి. ఇటు ఇళ్లు, అటు ఆసుపత్రి, మధ్యలో గేటు. వచ్చే నెల ఒకటో తారీఖున గేటు పీకేసి గోడ కడతామని రైల్వేవాళ్లు కాగితం అంటించి పోయారు. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాలంటే పన్నెండు కిలోమీటర్లు చుట్టు తిరగాలి. బావ కండక్టరుగా ఉన్నన్నాళ్లూ ఆ బస్సు నడిపిన డ్రైవరన్న ఇల్లు ఇటుపక్కే. రిటైరై ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాడు. ఆయన కూతురికి నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పులో ఆ పిల్లకి బిడ్డ దక్కలేదు. ఈసారి నొప్పులు మొదలైన వెంటనే తీసుకురావాలని, అరగంట ఆలస్యమైనా ఏమవుతుందో తాను చెప్పలేనని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. ఆమె లెక్క ప్రకారం కాన్పు వచ్చే నెల మొదటివారంలో.

డ్రైవరన్న మా ఇంటికొచ్చి కుర్చీలో కూడా కూర్చోలేదు.

"తమ్ముడూ, నిన్ను ఇన్నాళ్లలో ఏదీ అడగలేదు. ఆ గేటు ఒక్కటి ఉంచేట్టు చూడు."

"చెబుతానన్నా, తప్పకుండా చెబుతాను."

"చెప్పడం సరే. గంట కొడితే కూర్చోకు."

"కూర్చోను."

"ఒట్టు?"

"ఒట్టన్నా!"

నమ్మలేదు. మాతోపాటు రైలెక్కాడు.

సమావేశాలకి అది చివరి రోజు. ఆ రోజు ఎవరు మాట్లాడాలో తేల్చే చీటీల్లో, అదృష్టం బాగుండి, బావ పేరు వచ్చింది. పొద్దున్నే బసలో నేను స్టీలుగ్లాసు మీద చెంచాతో కొడుతూ సాధన చేయించాను. ఏడుసార్లు కొట్టాను. ఏడుసార్లూ మంచమ్మీద కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "బావా, ఆ పిల్లకి ఏమైనా అయితే నీ మొహం చూడను" అనేశాను. ఆయన తోలుసంచి భుజాన వేసుకున్నాడు. అన్నందుకు దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

పైన సందర్శకుల వరసలో నేనూ డ్రైవరన్నా పక్కపక్కనే కూర్చున్నాం. అక్కడ నోరు విప్పితే బయటికి గెంటేస్తారు. బావ లేచాడు. పల్లెల పేర్లు మానేశాడు, ఫరవాలేదు అనుకున్నాను. కానీ అధ్యక్షుడికి, మంత్రికి, ఎడమవైపు వాళ్లకి, కుడివైపు వాళ్లకి నమస్కారాలు మొదలయ్యాయి. మధ్యలో ఎవరో ఏదో అరిచారు. వాళ్లకీ నమస్కారం పెట్టాడు. "మా ఊళ్లో రైలుపట్టాల దగ్గర..." అన్నాడో లేదో, టంగ్!

కూర్చున్నాడు.

డ్రైవరన్న నా మోకాలు పట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్పొద్దూ.

ఇంతలో వెనక బెంచీల్లో ఇద్దరు ఏదో మాటకి కలబడ్డారు. గోల లేచింది. అధ్యక్షుడు విసుగెత్తి గంటని గట్టిగా కొట్టాడు, టంగ్ టంగ్ అని రెండుసార్లు.

మా బావ లేచాడు. లేవడమే కాదు, చేత్తో బల్లమీద చరిచి, "రైట్ రైట్!" అన్నాడు.

సభంతా ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పగలబడి నవ్వింది. కలబడ్డ ఇద్దరూ నవ్వారు. కాగితాల్లో తలదూర్చిన రైల్వే మంత్రి కూడా తలెత్తి చూశాడు. అధ్యక్షుడు నవ్వాపుకుంటూ, "సరే కండక్టరుగారూ, ఒక్క నిమిషం. పోనివ్వండి" అన్నాడు.

"అయ్యా, మా ఊళ్లో పట్టాలకి ఇటు ఇళ్లు, అటు ఆసుపత్రి. మధ్య దూరం రెండొందల అడుగులు. మీరు గోడ కడితే పన్నెండు కిలోమీటర్లు. నా డ్రైవరు కూతురికి వచ్చే నెల కాన్పు. ఒక బిడ్డని ఇప్పటికే పోగొట్టుకుంది. నొప్పులు పడుతూ ఆ పిల్ల అంత దూరం తిరగాలా? పట్టాల కింద నుంచి దారి వేయండి. వేసేదాకా గేటు ఉంచండి. అంతే అయ్యా." ఈసారి గంట మోగకముందే కూర్చున్నాడు.

మంత్రి లేచి, కింద దారి పూర్తయ్యేవరకు ఆ గేటు మూయబోమన్నాడు. డ్రైవరన్న చొక్కా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు.

మరుసటి నెల నాలుగో తారీఖు, పొద్దున పదింటికి ఆ పిల్లకి నొప్పులొచ్చాయి. ఆటోలో వెనక తల్లీకూతుళ్లు, ముందు డ్రైవరన్న. బావా నేనూ చెరోపక్క వేలాడుతున్నాం. గేటు దగ్గరికి వెళ్లేసరికి, వేసి ఉంది. గూడ్సుబండి! పెట్టెలు లెక్కపెడితే తరగవు. ఆ పిల్ల పళ్లు బిగపట్టి, "బాబాయ్, నువ్వు పార్లమెంటులో కొట్లాడింది ఈ దిక్కుమాలిన గేటు కోసమేనా!" అంది. బావ ఆ గేటుని అందరికంటే ఎక్కువ తిట్టాడు.

బండి వెళ్లింది. గేటు లేచింది. ఆటో మాత్రం కదల్లేదు. ముప్పై ఏళ్లు బస్సు తోలిన మనిషి, కన్నకూతురి కేకలకి చేతులు బిగుసుకుపోయి అలాగే కూర్చున్నాడు. "నా వల్ల కావట్లేదురా తమ్ముడూ" అన్నాడు.

బావ ఆటో పైకప్పు మీద రెండుసార్లు చరిచాడు. "రైట్ రైట్!"

డ్రైవరన్న చేతులు వాటంతటవే కదిలాయి.

రెండు నిమిషాల్లో ఆసుపత్రి. పావుగంటలో ఆడపిల్ల పుట్టింది, బంగారంలా ఉంది, తల్లి కూడా క్షేమం. నర్సమ్మ బిడ్డని బయటికి తెచ్చి, ఎదురుగా ఉన్నాడని మా బావ చేతుల్లో పెట్టింది. ఆయన ఒక్క క్షణం ఆ మొహం చూసి, జాగ్రత్తగా రెండు చేతులతో డ్రైవరన్నకి అందించాడు.

"ఇదిగో అన్నా, నీది."