గూట్లో పసుపు కొమ్ము

నా పెద్దకూతురు పుట్టిన పదిహేను రోజులకే, ఊపిరి పీల్చినప్పుడల్లా కీచుమని కూత మొదలైంది. పందొమ్మిది వందల యాభైల మాట. ఎమ్మిగనూరులో మాది మగ్గాల ఇల్లు. రెండు మగ్గాలు ఆడుతున్నా ఆ కూత వినిపించేది.

మా అత్త ఒక పసుపు కొమ్ము ఏరి గూట్లో పెట్టింది. దాన్ని దీపానికి కాల్చి గొంతు కింద వాత పెడితే కూత పోతుందని మా వైపు నమ్మకం. ఆమె గొంతు కిందా చిన్నప్పటి వాత మచ్చ ఉంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ముందు ఆదోనిలో డాక్టరమ్మకు చూపిద్దామని ఏడ్చి పట్టుబట్టాను.

“సరే, పోదాం పా. ఆయమ్మ చేత కాకపోతే కొమ్ము యాడికీ పోదు,” అంది అత్త.

డాక్టరమ్మ పాపను తూచింది, పాలు తాగుతుంటే చూసింది. “చంటిపిల్లల గొంతుపెట్టె చిన్నది, మెత్తనిది. ఈ పాపది మరీ లేత. గాలి పీల్చినప్పుడు లోపలికి ముడుచుకుంటోంది, అదే ఈ కూత. బిడ్డతో పాటు అదీ పెరిగి గట్టిపడుతుంది. రెండేళ్ళు ఓపిక పట్టండి. పాలు మానేసినా, పెదాలు నల్లబడినా వెంటనే తీసుకురండి,” అంది.

వాత సంగతి అత్తే అడిగింది.

“కాలిస్తే పుండు పడుతుందమ్మా, గొంతు పెరగదు.”

ఆ తల్లికి ఈనాటికీ మనసులో దండం పెట్టుకుంటాను. కానీ ఇంటికొచ్చాక కూడా అత్త కొమ్ము తీయలేదు. ఆమె మీద నాకు నమ్మకం కుదరక, నీళ్ళకు పోయినా పాపను చంకనేసుకునే పోయేదాన్ని.

ఒకరోజు పక్కింటామె, “ఇంకా కాల్చలేదా?” అని దెప్పింది.

“నా మనవరాలి గొంతు ఇంకా పెరగతాంది. నీ నోరు పెరిగినంత బిరీన పెరగల్లంటే ఎట్లమ్మా?” అంది అత్త.

లోపల కండెలు చుడుతున్న నాకు సిగ్గేసింది. అప్పటి నుంచి పాపను ఆమెకే వదిలాను.

రెండో ఏడు నిండబోతుండగా ఒక మధ్యాహ్నం కూత వినిపించలేదు. రాట్నం వదిలి పరుగెత్తాను. ఉయ్యాల పక్కన అత్త ఉంది.

“అరవొద్దు. నేనూ బెదిరి వచ్చినా. సూడు, ఎంత నిమ్మళంగా నిద్రపోతాందో.”

సాయంత్రం ఆ కొమ్మును రోట్లో దంచి పప్పులో వేసింది. “దీన్ని చూసినప్పుడల్లా కాల్చల్లనే అనిపించేది. నీ మొగం చూసి ఊరుకున్నా,” అంది.

డాక్టరమ్మకు చదువిచ్చిన ధైర్యం ఉంది. అత్తకు అదీ లేదు, అయినా రెండేళ్ళు చెయ్యి ఆపుకుంది. ఆ రోజు పప్పు నేను మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నాను.