నోరు విప్పని పిల్ల లెక్కలు

బట్టల ఫ్యాక్టరీ వెనక రేకుల గదిలో కార్మికుల పిల్లల్ని చూసుకునే ఆమెను అందరూ ఆయమ్మ అనేవారు. ఒకప్పుడు ఆమె కూడా మిషను మీదే కూర్చునేది. మూడేళ్ళ కొడుకును ఇంట్లో పెట్టి తాళం వేసి పనికొచ్చిన ఒక రోజున వాడు నీళ్ళ డ్రమ్ములో పడి చనిపోయాడు. తర్వాత మొగుడూ మొహం చాటేశాడు. సూది ముందు ఆమె చేతులు వణకడం చూసి మేనేజరు పిల్లల గదికి మార్చాడు.

కాజాలు కుట్టే అమ్మాయి తన కూతుర్ని అక్కడే వదిలేది. నాలుగేళ్ళు నిండినా నోట మాట లేదు. నాయనమ్మ ఆ పిల్లను మొద్దు అనేది. ఆయమ్మ మాత్రం పిట్టా అని పిలిచేది.

పిట్ట ఎప్పుడూ ఏదో ఒకటి సర్దుతూనే ఉండేది. గుమ్మం దగ్గర చెప్పులన్నీ జతలు చేసేది. గిన్నెల మూతలు కలిసిపోతే ఏది దేనిదో కళ్ళతోనే కొలిచి పెట్టేసేది. పాలవేళకు గదంతా ఒకసారి కలయజూసి, ఉన్న పిల్లలకు సరిపడా గ్లాసులే తెచ్చేది.

ఆయమ్మ ఓ రోజు తల్లిని పిలిచి చూపించింది. "లెక్క నోటితోనే చెప్పాలా? నీ కూతురు చేతులతో చెబుతోంది."

తల్లి చాలాసేపు చూసింది. "అయితే మొద్దు కాదన్నమాట," అంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

ఆ ఆశతోనే బడికి తీసుకెళ్ళింది. టీచరు అంకెలు చెప్పమంటే పిల్ల పెదవి కదపలేదు. మాటలొచ్చాక తీసుకురమ్మని నెమ్మదిగానే చెప్పిందట.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఫ్యాక్టరీవాళ్ళు పిల్లల గది మూసేసి గుడ్డల మూటలు నింపారు. ఆయమ్మ పని పోయింది. వారం తిరక్కుండానే ఆమెకు తెలిసింది: నాయనమ్మ ఊరెళ్ళింది, తల్లి పిట్టను ఇంట్లో పెట్టి తాళం వేసి పనికెళ్తోంది.

ఆమె పొద్దున్నే పరుగులాంటి నడకతో ఆ ఇంటికి వెళ్ళింది. తల్లి గుమ్మంలోనే ఉంది. పొయ్యి ఆర్పానని, నీళ్ళు ఎత్తులో పెట్టానని చెప్పుకుపోతోంది. తన కొడుకు ఎలా పోయాడో ఆయమ్మ అప్పటిదాకా ఎవరికీ నోరు తెరిచి చెప్పలేదు.

"నేనూ అన్నీ చూసుకునే వెళ్ళానమ్మా. వాడు స్టూలు జరుపుకున్నాడు. ఎంత ఎత్తు కావాలో వాడికి తెలిసింది."

తల్లి లోపలికి వెళ్ళింది. పిల్లను తీసుకొచ్చి, ఆ చేయి ఆయమ్మ చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఆయమ్మ పిట్టను వెంటబెట్టుకుని ఇళ్ళల్లో అంట్లు తోముతోంది. పిల్లతో రావద్దన్న ఇళ్ళు వదులుకుంది. కొన్ని పూటలు పస్తే. మొన్న ఒకరిచ్చిన రొట్టెను మెట్ల మీద కూర్చుని పిట్ట రెండు చేసింది. ముక్కలు పక్కపక్కన పెట్టి చూసింది. పెద్దదాని అంచు కాస్త తుంచి చిన్నదాని మీద వేసి, ఒకటి ఆయమ్మ వైపు జరిపింది. మాట ఇంకా రాలేదు. ఆయమ్మ ఆ ముక్క చేతిలో పట్టుకుని, తినలేక అలాగే కూర్చుంది.