ఆ ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌ని ఎంచింది నేను

ఆ ఏడాది ఫుట్‌బాల్ ఫైనల్లో మా బావని ఆడనివ్వకుండా గ్రౌండు గీత బయట కూర్చోబెట్టింది డ్రిల్లు మాస్టారని మా పేటలో ఇప్పటికీ అంటారు. ఆయన ఎన్నడూ కాదనలేదు. ఇప్పుడు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, కాదనాలన్నా అనలేరు. బావ బదులు ఇంకొకణ్ణి ఆడించమన్నది నేను. ఆ సంగతి నా చేత్తో రాసిపెట్టకపోతే నింద ఆయన మీదే ఉండిపోతుంది.

ఎనభైల మధ్యలో మాట. మంగళగిరి పక్కన మా ఊరు సగం మగ్గాలు, సగం మిరప చేలు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి మగ్గం గుంటలో దిగాను. సాయంత్రమైతే శాఖా గ్రంథాలయానికి పోయేవాణ్ణి. అక్కడి తెలుగు పుస్తకాలన్నీ చదివేశాక ఇంగ్లీషు బీరువా తాళం తీయించాను. అందులో ఫుట్‌బాల్ ఆట మీద ఒక పాత పుస్తకం దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు నెలలు చదివి, బొమ్మలన్నీ నోటుబుక్కులో గీసుకున్నాను. బంతి తన్నడం నాకు ఏనాడూ చేతకాలేదు. అయినా మా క్లబ్బువాళ్ళు జట్టుని ఎంచేటప్పుడు నన్ను పిలిచి కూర్చోబెట్టుకునేవాళ్ళు. ఆ గౌరవం నాకు ఎంత ఇష్టమో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

బావ అంటే మా అక్క భర్త. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు. పొట్టి మనిషి. అయిదేళ్ళుగా మా సెంటర్ ఫార్వర్డ్ ఆయనే. ఆ చలికాలంలో దగ్గు పట్టుకుంది. మిర్చి ఘాటుకి దూరంగా ఉంటే తప్ప తగ్గదని డాక్టరు చెప్పాడు. యార్డు వదిలితే ఇంకేం పని దొరుకుతుంది? సరిగ్గా అప్పుడే ఒక కబురు వచ్చింది. ఒక నూలు మిల్లువాళ్ళు తమ జట్టుకి ఒక ఆటగాణ్ణి వెతుకుతున్నారు, తీసుకున్నవాడికి మిల్లులో పర్మినెంటు ఉద్యోగం, వాళ్ళ ఆఫీసరు మా ఫైనల్ చూడటానికి వస్తున్నాడు.

"ఒరేయ్, ఆ రోజు మీ బావ ఆడాలిరా. వాళ్ళ కంట్లో పడాలి," అంది అక్క. వారంలో మూడుసార్లు అంది.

ఫైనల్‌కి రెండు రోజుల ముందు జట్టుని ఎంచడానికి గ్రంథాలయం అరుగు మీద కూర్చున్నాం, మాస్టారూ నేనూ. కుడి అంచున ఆడే మా రైటవుట్ తన స్నేహితుడొకణ్ణి బెజవాడ రైల్వే కాలనీ నుంచి తీసుకొచ్చాడు. ఆరడుగుల మనిషి. రైల్వేలో ఉద్యోగం ఉంది, సరదాకి ఆడతాడు. బావకో అతనికో, ఒక్కరికే చోటు.

"ఏమయ్యా పండితుడా, నీ పుస్తకం ఏమంటోంది?" అన్నారు మాస్టారు.

నోటుబుక్కు తీశాను. "మన రైటు నుంచి బంతి ఎత్తుగా వస్తుందండీ. తలతో కొట్టేవాడు మధ్యలో ఉండాలి. పొడుగాటివాడే కరెక్టు."

ఆయన నా ముఖంలోకి చూశారు. "మీ బావ సంగతి తెలిసే అంటున్నావా?"

"ఆటలో బావలేమిటండీ," అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎంత దర్జాగా పలికిందో గుర్తుంది. నిజానికి దాని వెనక భయం ఉంది. బావ పేరు చెబితే, బావమరిది కనుక చెప్పాడంటారని. చదివినవాడు పక్షపాతం చూపకూడదని. బొమ్మలు గీసుకున్నంత జాగ్రత్తగా బావ దగ్గు గురించి ఆలోచించలేదు.

మర్నాడు జట్టు పేర్లు చదివాక బావ అడిగాడు, "ఎవరు తీశారు మాస్టారూ నన్ను?"

"నేనేనయ్యా," అన్నారు ఆయన, నా వైపు చూడకుండా.

ఇంటికొచ్చాక అక్క నిలదీసింది. "నువ్వక్కడే ఉన్నావుగా! ఒక్క మాట అనలేకపోయావా?"

"చెప్పాను. మాస్టారు వినలేదు," అన్నాను. ఇంత పచ్చి అబద్ధం నా జీవితంలో ఇంకోటి ఆడలేదు.

మార్చిలో మా హైస్కూలు గ్రౌండంతా మిరపకాయలు ఆరబోసే కళ్ళమే. రైతుల్ని బతిమాలి కాయలెత్తించాం, రెండుసార్లు ఊడ్పించాం. అయినా గింజలూ, ఎర్ర దుమ్మూ మట్టిలోనే ఉండిపోయాయి. అక్కడ కిందపడి లేచిన చేత్తో ముఖం ముట్టుకోకూడదని మా ఊళ్ళో నడక నేర్చిన పిల్లలకి కూడా తెలుసు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టే బెజవాడ మనిషికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

అవతల తుళ్లూరు జట్టు. షామియానా కింద కుర్చీలో మిల్లు ఆఫీసరు, చేతిలో కాగితం. గీత బయట బావ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. దగ్గు ఆఫీసరుకి వినపడకూడదని. నేను ఆట కంటే బావ వీపునే ఎక్కువ చూశాను.

పదో నిమిషంలో పొడుగాటివాడు తలతో కొట్టిన బంతి గోలు పైకర్రకి తగిలి వెనక్కొచ్చింది. "చూశారా!" అని అరిచాను. బావ వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

సగం ఆట కావస్తుండగా పొడుగాటివాడు బోర్లా పడ్డాడు. లేచి, కళ్ళల్లోకి కారుతున్న చెమటని అరచేత్తో తుడుచుకున్నాడు. అంతే. "అమ్మో! కళ్ళు! కళ్ళు పోయాయి!" అని కేకలు. కడవెడు నీళ్ళు పోశాం. కళ్ళు తెరవలేకపోయాడు.

"రావయ్యా, దిగు," అన్నారు మాస్టారు బావతో.

బావ దిగాడు. వేడెక్కని ఒళ్ళు, దుమ్ము లేచిన గ్రౌండు. పరిగెత్తడం, ఆగి మోకాళ్ళ మీద చేతులాన్చి దగ్గడం, మళ్ళీ పరిగెత్తడం. దగ్గినప్పుడల్లా నేను షామియానా వైపు చూసేవాణ్ణి. ఆఫీసరు కూడా ఆయన్నే చూస్తున్నాడు.

ఆట అయిపోవస్తోంది, గోలు లేదు. మధ్యలో బావకి బంతి అందింది. ఒకణ్ణి దాటించాడు, రెండోవాణ్ణి దాటించాడు. ఎదురుగా గోలీ ఒక్కడే. "కొట్టు బావా!" అని నేను అరుస్తుండగానే బంతిని కుడివైపుకి తోసేశాడు. రైటవుట్ వచ్చి ఖాళీ గోల్లోకి కొట్టాడు. జనం గ్రౌండులోకి దూకారు. ఆఫీసరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

జనాన్ని తోసుకుంటూ వెళ్ళాను. "సార్, ఆ గోలు నిజానికి మధ్యలో ఆడినతనిదండీ. ఇద్దర్ని లాగేసి ఇచ్చాడు. పుస్తకాల్లో దీన్ని..."

"చూశానండీ. మంచి ఆటగాడే," అన్నాడాయన మర్యాదగా. "కానీ సగం ఆటకే అంత దగ్గుతున్నాడు. మిల్లులో దూది పొడి ఉంటుంది కదా. ఎలా తీసుకోమంటారు?"

పుస్తకం చదివిన నాకు ఆ దూది పొడి సంగతి అప్పటిదాకా తట్టనేలేదు. మిల్లు ఉద్యోగం రైటవుట్‌కి వచ్చింది. బావ సోమవారం మళ్ళీ యార్డుకి వెళ్ళాడు, ఇంకా ఆరేళ్ళు మోశాడు. ఇప్పుడు పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని నిద్రపోతాడు. మొదటి నిమిషం నుంచీ తనకి అలవాటైన ఆట ఆడి ఉంటే ఆఫీసరు తీసుకునేవాడా? చెప్పలేను. ఆ అవకాశం మాత్రం నేను పోనిచ్చాను.

దీన్ని మొన్న అక్కకీ బావకీ చదివి వినిపించాను. మాస్టారు వినలేదన్న అబద్ధం దగ్గరికి రాగానే అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది. బావ చివరిదాకా విన్నాడు.

"ఒకటి మార్చరా," అన్నాడు. "ఆ పాస్ గొప్పగా రాయబోకు. ఊపిరందక వదిలేశాను. అందితే నేనే కొట్టేవాణ్ణి."

పేర్లు కూడా పెట్టొద్దన్నాడు. అందుకని వరసలతోనే కృతజ్ఞతలు చెబుతున్నాను. గడువు దాటినా పుస్తకం అడగని లైబ్రేరియన్ గారికి. ఆఫీసరు మాటలు తనకీ గుర్తున్నాయని చెప్పిన రైటవుట్‌కి. మంచం పక్కన కూర్చుని ఇదంతా చదవనిచ్చిన మాస్టారి అమ్మాయికి. కళ్ళు మూసుకుని విన్న మాస్టారికి. తప్పు దిద్దిన బావకి. అక్క ఇంకా నాతో మాట్లాడటం లేదు.